బుడితగుల్లలకు గుండ్రటి చిల్లు: మందు వద్దు, ఏరివేతే దారి

ప్రశ్న: కాకినాడ అఖాతంలో వల కంచె కట్టి బుడితగుల్ల (రెండు చిప్పల మధ్య మాంసం ఉండే గుల్ల) పిల్లలు చల్లాం. కొన్ని వారాలుగా ఖాళీ చిప్పలు బాగా దొరుకుతున్నాయి. చాలావాటికి మిషన్‌తో వేసినట్టు గుండ్రటి చిల్లు ఉంది. ఇదేం తెగులు? ఏ మందు చల్లాలి?
– ఒక గుల్లల రైతు

జవాబు: టెన్షన్ పడి ఏ మందూ చల్లకండి. ఇది తెగులు కాదు, నత్త పని. ఇసుకలో పూడుకుని తిరిగే ఈ వేటనత్తలను మూన్ స్నెయిల్స్ అంటారు. పెంకు నున్నగా, గుండ్రంగా ఉంటుంది. పాదాన్ని వెడల్పుగా చాచి గుల్లను చుట్టేస్తుంది. తొండం దగ్గరి గ్రంథి నుంచి వచ్చే ఆమ్లం చిప్పను మెత్తబరుస్తుంటే, గరుకు నాలుక గీకుతూ పోతుంది. చిల్లు పడటానికి గంటలు పడుతుంది, మందపాటి చిప్పయితే రోజు దాటొచ్చు. ఆపైన తొండం దూర్చి మాంసం తినేస్తుంది. ఒడ్డున పిల్లలు దండ గుచ్చుకునే చిప్పల్లో చాలా చిల్లులు దీని చలవే!

ముందు మీ చిప్పలను పరీక్షగా చూడండి. చిల్లు బయట వెడల్పుగా, లోపలికి పోయేకొద్దీ సన్నగా ఉంటే ఈ నత్తే. పైనుంచి కిందికి ఒకే వెడల్పుంటే థయిస్ జాతి నత్త కావచ్చు, దాన్ని కంచె కర్రల మీద వెతకండి. అంచులు విరిగి ఉంటే పీతలు. చిల్లే లేకుండా గుంపుగా నోళ్లు తెరిచి చస్తే మాత్రం గోదావరి వరదకు ఉప్పదనం పడిపోయిందేమో చూసుకోవాలి. అప్పుడు ఎన్ని నత్తలను ఏరినా లాభం లేదు.

మైలుతుత్తం, బ్లీచింగ్ లాంటివి నత్తకంటే ముందు మీ గుల్లలనే దెబ్బతీస్తాయి. గుల్ల నీటిని వడకట్టుకుని బతికేది, అందులో ఏం కలిపినా దాని ఒంట్లోకే పోతుంది.

నీరు బాగా తీసిన పాటు వేళ మడిలో నడవండి. ఇసుక మీద గీతలా దారి, దాని చివర చిన్న ఉబ్బు కనిపిస్తే అక్కడ తవ్వండి, నత్త దొరుకుతుంది. ఇంకో ముఖ్యమైన గుర్తు, చొక్కా కాలర్ ఆకారంలో ఇసుక అతికిన పట్టీలు. చెత్త అనుకుని వదిలేస్తుంటారు గానీ అవి దాని గుడ్లు. పట్టీ విడిపోయిందంటే పిల్లలు నీళ్లలో కలిసిపోయినట్టే, కాబట్టి విడిపోకముందే ఏరి ఒడ్డున ఎండబెట్టండి. నా లెక్కలో నత్తలకంటే ఈ పట్టీలు ఏరడమే ఎక్కువ ఫలితం.

ఈ నత్త ఇసుక పైపొర కిందనుంచి దూరుతుంది, అందుకే వల అడుగు అంచును లోతుగా పాతండి. వచ్చేసారి మడిని ముందే శుభ్రం చేసి, కాస్త పెరిగిన పిల్లలనే చల్లండి.