కాగితం వచ్చింది, పొలం రాలేదు

ప్రశ్న: చైనాలో 1978 తర్వాత కమ్యూన్ల (ఉమ్మడి సేద్యపు సంఘాల) భూములను కుటుంబాలకు ఇవ్వగానే దిగుబడులు పెరిగాయి. రష్యా, ఉక్రెయిన్‌లలో సోవియట్ కాలపు సమష్టి క్షేత్రాలను పంచితే ఉత్పత్తి ఎందుకు పడిపోయింది?

జవాబు: చైనాలో ఫలానా పొలం మీది అని కుటుంబానికి చూపించారు. సాగు హక్కే ఇచ్చారు, యాజమాన్యం ఇవ్వలేదు. ఉక్రెయిన్‌లో మొదట చేతికొచ్చింది వాటా పత్రం. మీ నేల చెక్క ఎక్కడుందో అందులో ఉండదు. సగటున 4 హెక్టార్ల వాటా, అదీ నేల సారాన్ని బట్టి కట్టిన లెక్క: నేల మంచిదైతే విస్తీర్ణం తక్కువ, నాసిరకమైతే ఎక్కువ. విడిగా సాగు చేసుకోవాలంటే వాటాదారుల సమావేశం పంపిణీని ఒప్పుకోవాలి, సర్వేయరు వచ్చి హద్దులు పాతాలి, ఆ తర్వాతే పట్టా.

1999 డిసెంబరులో అధ్యక్షుడు కుచ్మా ఉత్తర్వుతో సమష్టి క్షేత్రాలు ప్రైవేటు సంస్థలయ్యాయి. వాటాదారుల్లో ఎక్కువమంది భూమిని పాత యాజమాన్యం నడిపే సంస్థకే కౌలుకిచ్చారు. కౌలు కింద ధాన్యమో పంచదారో ముట్టేది, లేదా పెరటి చెక్క దున్నిపెట్టేవారు. దీన్ని రైతు భయమనడం తేలిక. వందల హెక్టార్ల కోసం కొన్న హార్వెస్టరు, గిడ్డంగి సంస్థ చేతిలోనే ఉంటే 4 హెక్టార్లతో ఒక్కడూ ఏం చేస్తాడు?

అయితే ఉత్పత్తి పడిపోవడానికి పంపకం ఒక్కటే కారణం కాదు. 1992 జనవరి 2న రష్యా చాలా ధరలపై నియంత్రణ ఎత్తేసింది. ఎరువులు, డీజిలు, విడిభాగాల ధరలు పంట ధరలను దాటి ఎగబాకాయి. ఎరువు వేయడం తగ్గింది, దాణాకు సబ్సిడీ పోయింది. ఆ దశాబ్దంలో రష్యా పశుసంపద సగానికి పడిపోయింది. చైనాలో సేద్యం చాలావరకు మనుషుల చేతుల మీద నడిచేది. పైగా 1979లో ప్రభుత్వమే ధాన్యం కొనుగోలు ధర పెంచింది.

ప్రశ్న: మరో మాజీ సోవియట్ దేశం మాల్దోవాలో ముక్కలైన కమతాలను ఎలా కలుపుతారు?

జవాబు: అక్కడ అందరికీ సమంగా అందాలని ఒక్కొక్కరికి దుక్కి నేలలో ఒక ముక్క, పండ్లతోటలో ఒకటి, ద్రాక్షతోటలో ఒకటి ఇచ్చారు. తోటలో మీ వంతు కొన్ని వరుసలే. వాటికి బూజు తెగులు మందు కొట్టినా, పక్క వరుసలవాళ్లు వదిలేస్తే తెగులు మళ్లీ మీ ఆకుల మీదికే వస్తుంది.

కలపాలంటే ముందు యజమానులెవరో తేల్చాలి. పని ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే: కొందరు చనిపోయారు, వారసత్వం రాయించుకోలేదు, కొందరు ఇటలీకో రష్యాకో వెళ్లిపోయారు. తర్వాత ముక్కలకు విలువ కట్టాలి. విస్తీర్ణం చూసి మార్చుకుంటే సారవంతమైన నేల ఉన్నవాడు ఒప్పుకోడు. మార్పిడి ఒప్పందాలు నోటరీ దగ్గర రాయించి, భూ రిజిస్టరులో ఎక్కించాలి. ముక్క తనఖాలో ఉంటే బ్యాంకు ఒప్పుదల ముందే తీసుకోవాలి. చిన్న ముక్కలకు ఈ ఖర్చులే భారం కాబట్టి, వాటిని ఎవరు భరిస్తారో మొదటి సమావేశంలోనే తేల్చుకోవడం మంచిది.