తుఫానుకు కూలిన చెట్ల నుంచి వంటచెరకు: ఏది తెచ్చుకోవాలి, ఎలా చీల్చుకోవాలి

ఈదురుగాలికి మీ వీధిలో కూలిన చెట్లను ఎవరైనా పట్టుకెళ్ళవచ్చని చెప్పారనీ, స్నానాల నీళ్ల కాగుకూ పెరట్లోని పొయ్యికీ ఏడాదికి సరిపడా కట్టెలు తెచ్చుకోవాలనుకుంటున్నారనీ, అందుకు గొడ్డలి ఒక్కటే సరిపోతుందా, కట్టె పగులులో దింపి కొట్టే ఇనుప చీలలూ సమ్మెటా కొనాలా, లేక చీల్చే యంత్రాన్ని అద్దెకు తెచ్చుకోవాలా అనీ అడిగారు. నా సమాధానం ముందే చెబుతాను. పనిముట్టును చెట్టు నారే నిర్ణయిస్తుంది కనుక మొదట ఏ చెట్టును ఇంటికి తేవాలో తేల్చుకోండి. ఏది తెచ్చినా పచ్చిగా ఉన్నప్పుడే చీల్చేయండి. ఈ రెండూ తలకిందులుగా చేసి నేను చాలా కష్టపడ్డాను.

మాది విశాఖపట్నం శివారులో సబ్బవరం వైపు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన రోజున మా చుట్టుపక్కల నిలబడి ఉన్న చెట్ల కంటే పడిపోయినవే ఎక్కువ కనిపించాయి. నిద్రగన్నేరు, తురాయి, వేప, కానుగ, నీలగిరి, సరుగుడు, మామిడి, చింత అన్నీ కలగలిసి దారుల మీద పడి ఉన్నాయి. దారి తెరిపించడమే అందరికీ ముఖ్యం కాబట్టి దుంగలు తీసుకెళ్ళేవాళ్ళను ఎవరూ ఆపలేదు. నేను ఒక ట్రాక్టరు మాట్లాడుకుని, దగ్గరగా, లావుగా కనబడిన వాటిని ముందు ఎత్తించాను. ఆ ట్రాక్టరులో సగానికి పైగా నిద్రగన్నేరు, తురాయి మొద్దులే వచ్చాయి. చెట్టు ఉచితంగానే వచ్చింది కానీ కోతకూ, ఎత్తుబడికీ, బండికీ అయిన ఖర్చు అంతా ఇంతా కాదు. అంత ఖర్చు పెట్టి తెచ్చిన తురాయి కట్టె తేలికగా బెండులా ఉండి, మంట పెట్టిన కాసేపటికే బూడిదయ్యేది. మిగిలినదానికి మరుసటి వానాకాలానికి పురుగు పట్టి పిండి రాలింది.

అందుచేత మీకు ఎంచుకునే వీలుంటే మొదట సరుగుడు కోసం చూడండి. దాని నార నిటారుగా ఉంటుంది, చేవ గట్టిగా ఉంటుంది, కాస్త పచ్చిదనం మిగిలి ఉన్నా మండుతుంది, నిప్పు చాలాసేపు నిలుస్తుంది. ఆ తర్వాత నా లెక్కలో తుమ్మ, కానుగ, వేప, నీలగిరి వస్తాయి. మామిడి చీల్చడానికి సులువే కానీ త్వరగా కాలిపోతుంది కాబట్టి పొయ్యి రాజేయడానికి ఉంచుకోండి. సర్కారు తుమ్మ దొరికితే వదలవద్దు, మంచి నిప్పునిస్తుంది. కాకపోతే దాని ముల్లు గుచ్చుకుంటే రోజుల తరబడి వాచి సలుపుతుంది కాబట్టి కొమ్మలను చెట్టు దగ్గరే శుభ్రం చేయించి తెచ్చుకోవాలి. కొబ్బరి మొద్దును చీల్చాలని మాత్రం ప్రయత్నించకండి. దానికి మిగతా చెట్లకున్నట్టు వలయాలు లేవు, అంతా పీచే. గొడ్డలి అందులో దిగబడి బయటికి రాదు. కొబ్బరి నుంచి మట్టలూ, డొక్కలూ, చిప్పలూ తీసుకుంటే చాలు. గన్నేరును (పూల గన్నేరు, నిద్రగన్నేరు కాదు) ఏ రూపంలోనూ పొయ్యిలో పెట్టకూడదు, దాని పొగ కూడా విషమే. రంగు వేసిన తలుపు చెక్కలనూ, మందు పట్టించిన పాత స్తంభాలనూ కూడా పక్కన పెట్టండి.

అనుమతి గురించి కొద్దిగా చెబుతాను. రోడ్డు పక్కన పడిన చెట్టు పంచాయతీదో, మున్సిపాలిటీదో, రోడ్లు భవనాల శాఖదో అయి ఉంటుంది కాబట్టి పట్టుకెళ్ళమన్నది ఎవరో కనుక్కుని, ఆ మాట వాళ్ళ నోటి నుంచే వినండి. పడిన చెట్టు వేరు, నిలబడి ఉన్న చెట్టు వేరు. వంగిపోయిందనో, ఒక కొమ్మ విరిగిందనో నిలబడి ఉన్నదాన్ని నరికితే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే అందరూ వాల్టా అని పిలిచేది, అడ్డువస్తుంది. రిజర్వు ఫారెస్టు హద్దులోపల అయితే ఎండుపుల్ల విషయంలో కూడా అటవీ శాఖవారిని అడగకుండా చేయి పెట్టకండి.

చెట్టు దగ్గరికి వెళ్ళే ముందు కరెంటు తీగలు చూడండి. సరఫరా ఆపివేశారని లైన్‌మన్ చెప్పేవరకూ ఆ చెట్టును ముట్టుకోకూడదు. వేళ్ళతో సహా పెకలించుకుని పడిన చెట్టుతో ఇంకో ప్రమాదం ఉంది. మానును వేరు దగ్గర కోసిన క్షణంలో ఆ వేళ్ళ ముద్ద మళ్ళీ గోతిలోకి లేచి కూర్చోవచ్చు. దాని కింద పిల్లలు ఆడుకుంటూ ఉండవచ్చు. నొక్కుకుపోయి వంగిన కొమ్మలు కూడా కోయగానే ఎగిరి తగులుతాయి. ఈ కోతలు మీకు అలవాటు లేకపోతే మిషను రంపంతో పనిచేసేవారి చేత చెట్టు దగ్గరే దుంగలు కోయించుకోండి. దుంగ పొడవు మీ పొయ్యిని బట్టి ముందే చెప్పాలి. కాగు కింద మూడడుగుల కట్టె కూడా తోసుకుంటూ పోవచ్చు కానీ, చీల్చేవాడికి అడుగున్నర దుంగ ఎంతో తేలిక. పొట్టి దుంగలో గొడ్డలి తెరిచిన పగులు రెండో కొసదాకా పోతుంది. పొడవైన దుంగలో అది ఏదో ఒక ముడి దగ్గర ఆగిపోతుంది.

ఇక చీల్చడం సంగతి. సరుగుడు, నీలగిరి, మామిడి వంటి సులువుగా చీలేవాటికి మంచి బరువున్న గొడ్డలి ఒక్కటే చాలు. చీల్చే గొడ్డలి సన్నగా, నరకడానికి వాడేదిలా ఉండకూడదు. దాని బుగ్గలు, అంటే పదును వెనకున్న రెండు పక్కలూ, లావుగా ఉంటే కట్టెలోకి దిగుతూనే రెండు వైపులకూ తోస్తుంది. దుంగ కొసన ఎండకు ఏర్పడిన సన్నని పగులు కనబడుతుంది, దాని వెంటే వేటు వేయాలి. లావు మొద్దును నడుమ కొట్టి రెండు చేయాలని చూడకుండా అంచుల నుంచి పేళ్ళు వలుచుకుంటూ లోపలికి పోవాలి. ముడి ఉన్న కొసను కిందికి పెట్టి, ముడి లేని కొస మీద కొట్టండి. మొద్దును నేల మీద పెట్టవద్దు. మోకాలెత్తుకు కాస్త తక్కువగా ఉండే మరో మొద్దు మీద నిలబెట్టండి. పాత కారు టైరును ఆ మొద్దు మీద బిగించి, చీల్చాల్సిన దుంగను అందులో నిలిపితే, పేళ్ళు చెదిరిపోకుండా అక్కడే ఉంటాయి, మాటిమాటికీ వంగి ఎత్తే శ్రమ తగ్గుతుంది. నా నడుమును కాపాడింది ఈ టైరే.

వేప, నిద్రగన్నేరు, చింత వేరే రకం. వీటి నార ఒక పొర ఇటు, ఒక పొర అటు అల్లుకుపోయి ఉంటుంది. మాంసం కొట్టేవాళ్ళు చింత మొద్దునే ఎందుకు పెట్టుకుంటారో ఆలోచిస్తే మీకే అర్థమవుతుంది: ఎన్ని వేట్లు పడినా అది విచ్చుకోదు. హుద్‌హుద్ తరువాత నేను సరుగుడునూ నీలగిరినీ కార్తీకం వెళ్ళేలోపే చీల్చేసి, చింత దుంగలను తీరిగ్గా చూసుకుందామని షెడ్డులో దొర్లించి ఉంచాను. మరుసటి వేసవికి అవి ఇనుములా బిగిసిపోయాయి. గొడ్డలి దిగి ఇరుక్కుంటే, దాని వీపు మీద సమ్మెటతో కొట్టాను. అది చేయకూడని పని. గొడ్డలి కన్ను పగిలి, కామ ఊడిపోయి, తల పక్కకు ఎగిరింది. అక్కడ ఇంకెవరూ లేకపోవడం నా అదృష్టం.

ఇలాంటి మొద్దుకు ఇనుప చీలలే సరైనవి, అదీ ఒకటి కాదు, కనీసం రెండు. మొదటిది పగులును తెరుస్తుంది. అది మునిగిపోయి ఇరుక్కున్నప్పుడు రెండోదాన్ని కాస్త దూరంలో అదే పగులులో దింపితే మొదటిది వదులవుతుంది. సమ్మెట దెబ్బలకు చీల తల పుట్టగొడుగులా అంచులు విచ్చుకుంటుంది. ఆ అంచులు ముక్కలై తూటాల్లా ఎగురుతాయి కాబట్టి, అప్పుడప్పుడూ రాపిడి చక్రం మీద వాటిని అరగదీయించాలి, కళ్ళకు అద్దాలు లేకుండా ఒక్క దెబ్బ కూడా వేయకూడదు. చీలలతోనూ లొంగని పంగ మొద్దులు ఉంటాయి. వాటితో పోరాడకండి; మిషను రంపంతో అడ్డంగా బిళ్ళలుగా కోయించి, కాగు కింద నిదానంగా కాలే కట్టెగా వాడుకోండి.

యంత్రం గురించి అడిగారు. ఒక ట్రాక్టరు లోడుకు అది అక్కర్లేదని నా అభిప్రాయం. కట్టెలు కొట్టడంలో చేయి తిరిగిన మనిషిని కూలికి పిలిస్తే రెండు మూడు రోజుల్లో అంత పనీ చేస్తారు, పైగా ఏ దుంగను ఎటు నిలపాలో మీకూ తెలిసివస్తుంది. హోటలుకో, కల్యాణ మండపానికో ఏటా కట్టెలు కావలసినవారికి నూనె ఒత్తిడితో తోసే యంత్రం లాభమే. కానీ ట్రాక్టరుకు తగిలించి గిరగిరా తిప్పే శంఖం లాంటి మరను నేను ఇంటి ఆవరణలోకి రానివ్వను. దుంగతోపాటు చొక్కా చెయ్యి చుట్టుకుంటే దాన్ని ఆపే వీలుండదు.

చీల్చిన వెంటనే పొయ్యిలో పెట్టకండి. పచ్చికట్టె బరువులో దాదాపు సగం నీరే ఉంటుంది. ఆ నీరు ఆవిరయ్యేందుకే చాలా వేడి పోతుంది, ఇంటినిండా పొగ మిగులుతుంది. బెరడు లోపలి నుంచి నీరు త్వరగా పోదు కాబట్టే చీల్చిన కట్టె దుంగ కంటే ఎంతో ముందు ఎండుతుంది. రెండు వరసల ఇటుకల మీద, గోడకు జానెడు ఎడంగా పేర్చి, పైన మాత్రం రేకు కప్పి, పక్కలు గాలికి వదిలేయండి. నాలుగు వైపులా పట్టా చుట్టిన కట్టె మా సముద్రపు గాలి తేమకు బూజు పట్టిపోయింది. అక్టోబరులో చీల్చిన సరుగుడు మాకు చైత్రానికల్లా ఎండింది. వేపకూ చింతకూ ఎండాకాలం మొత్తం పట్టింది. కొసల్లో పగుళ్ళు విచ్చి, బెరడు వదులై, రెండు కట్టెలను ఒకదానితో ఒకటి తాటిస్తే ఠంగుమని మోగినప్పుడు వాడకానికి సిద్ధమైనట్టు. దబ్‌మని మూగగా పలికితే మళ్ళీ వరసలోనే ఉంచండి.

కట్టెల దొంతి ఇంటి గడపకు దూరంగా ఉండాలి. ఆ సందుల్లోకి ఎలుకలు చేరతాయి, వాటి వెంట పాములు వస్తాయి, తేళ్ళు ఎలాగూ ఉంటాయి. మా ఇంట్లో కట్టె తీసే ముందు కర్రతో తట్టి, పైవరసను కదిపి చూసి, ఆ తరువాతే చేయి పెడతాం. చీకటి పడ్డాక టార్చి లేకుండా ఎవరూ అటు వెళ్ళరు.