మూడో బోరుకు ముందు మూడు కర్రలు

ప్రశ్న: మాది కదిరి దగ్గర పల్లె. బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటూ ఒక ట్రావెల్స్‌లో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. జీతం 38,000, ఇంటి ఖర్చు 28,000. ఐదేళ్ల పాప ఉంది. ఎఫ్‌డీలో 5 లక్షలున్నాయి. ఊళ్లో నాన్నకు (63 ఏళ్లు) నాలుగెకరాల మెట్ట, వేరుశనగ పెడతారు. రెండు బోర్లు వేశాం, రెండూ ఎండిపోయాయి. మూడోదానికి మోటారు, పైపులతో కలిపి 4 లక్షలవుతుందంటున్నారు. ఎఫ్‌డీ కదిలించకుండా పర్సనల్ లోన్ తీసుకుందామని బోరు బండికి 5,000 అడ్వాన్స్ ఇచ్చాను. నా భార్యేమో పెట్టుబడి లేని ప్రకృతి సేద్యం చేయించమంటోంది. ఏది మంచిది? అన్నట్టు, నాన్నకు ఊళ్లో 60,000 అప్పు కూడా ఉంది, నూటికి రెండు రూపాయల వడ్డీ.

జవాబు: మీరు చివర్లో ‘అన్నట్టు’ అని రాసిన మాటనే నేను ముందు పట్టుకుంటాను. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 60,000 మీద వడ్డీయే 14,400. మీ ఎఫ్‌డీ ఏడు శాతం ఇస్తోందనుకున్నా అంతే డబ్బు మీద మీకొచ్చేది 4,200. కొడుకు డబ్బు బ్యాంకులో పడుకుని ఉంటే, తండ్రి ఏటా పది వేలు అదనంగా కడుతున్నారు. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు బాకీ తీర్చి, ప్రోనోటు చేతికి తీసుకుని రండి. ఇకపై పంటకు డబ్బు కావాలంటే కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది. సకాలంలో కడితే 3 లక్షల దాకా పంట రుణానికి 4 శాతమే పడుతుంది. పాస్‌బుక్కు నాన్న పేరు మీద ఉంటే బ్యాంకుకు ఆయన్నే తీసుకెళ్లండి.

ఇక బోరు. 4 లక్షల పర్సనల్ లోన్ 14 శాతానికి నాలుగేళ్లకు తీసుకుంటే నెలకు కిస్తీ సుమారు 10,930. మీకు నెలకు మిగిలేది 10,000. లెక్క ఇక్కడే తెగిపోయింది. నీళ్లు పడినా పడకపోయినా కిస్తీ మాత్రం ఐదో తారీఖుకు పడుతుంది. మా మామగారు నాలుగు బోర్లు వేయించారు. నాలుగోది పోసింది కూడా, రెండేళ్లు. అప్పు ఐదేళ్లు సాగింది. అందుకే బోరు మాట వస్తే నేను కాస్త కఠినంగా మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు.

మీ ఇంటావిడ చెప్పింది దారి సరైనదే, ‘పెట్టుబడి లేని’ అన్న మాటే సరికాదు. ఈ సేద్యంలో ఎరువుకు బదులు నేలకు పోసే పులియబెట్టిన ద్రవం జీవామృతం, ఎకరాకు ఒక విడత లెక్క చూడండి. 200 లీటర్ల నీళ్లు, పది కిలోల పచ్చి పేడ, ఐదు నుంచి పది లీటర్ల ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. నీడలో డ్రమ్ము పెట్టి రోజుకు రెండుసార్లు కర్రతో కలుపుతూ రెండు రోజులు పులియనివ్వాలి. అంగట్లో కొనేది బెల్లం, పిండి మాత్రమే, మూడు వందల దగ్గర అవుతుంది. కానీ ఆవు ఎవరిది? కలిపేదెవరు? నేల తడిగా ఉన్నప్పుడు పదిహేను రోజులకోసారి పొలానికి మోసేదెవరు? 63 ఏళ్ల మనిషి నడుముకు కూడా ఖరీదు కట్టాలి కదా. కూలీ పెట్టుకుంటే ఆ డబ్బునూ ఖర్చులో రాయండి.

అందుకే నాలుగెకరాలూ ఒక్కసారి మార్చొద్దు. మొదటి ఏడాది ఒక్క ఎకరం. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి సేద్యం నేర్పిస్తోంది. తొలకరికి ముందే మట్టి, బూడిద, బీజామృతం (విత్తనాలకు పట్టించే ఆవు పేడ, మూత్రాల ద్రవం) పట్టించిన నవధాన్యాల విత్తనాలు చల్లి నేలను కప్పి ఉంచే పద్ధతి మీలాంటి మెట్టకు పనికొస్తుంది. వేరుశనగ సాళ్ల మధ్య కంది, అలసంద పెట్టమనండి. వేరుశనగ పోయిన ఏడాది కందైనా చేతికొస్తుంది. ఆ ఎకరంలో దిగుబడి కొంత తగ్గినా, ఎరువులకూ మందులకూ మిగిలిన డబ్బు దాన్ని పూడ్చిందా లేదా అన్నదే చూడాల్సింది. ఎరువుల అంగడి ఖాతా పుస్తకం పక్కన పెట్టుకుంటే అది తెలిసిపోతుంది.

నీళ్ల సంగతికి ఇంకొంచెం చోటిస్తాను. ఎకరం నేల మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 40,000 లీటర్లు. 2024 వేసవిలో మన బెంగళూరులో ఆరు వేల లీటర్ల ట్యాంకర్ కోసం ఎలా కాచుకున్నామో గుర్తుందిగా. అలాంటివి దాదాపు ఏడు ట్యాంకర్లు ఒక్క వానకు మీ ఎకరంలో దిగుతున్నాయి. అందులో ఎంత నేలలో ఇంకుతోంది, ఎంత వంకలో పోతోంది అన్నదే అసలు ప్రశ్న. వాలుకు అడ్డంగా, ఒకే ఎత్తులో సాగే సమమట్టపు గీత గీసి కందకం తీయడానికి ఇంజినీరు అక్కర్లేదు. ఏడడుగుల కర్రలు రెండు పైన కలిపి కట్టాలి, మధ్యలో ఇంకో కర్ర అడ్డంగా బిగించాలి, పైనుంచి దారానికి రాయి కట్టి వేలాడదీయాలి. రెండు కాళ్లూ ఆనిన చోట్ల గుర్తు పెట్టుకుని, దారం అడ్డకర్రను తాకిన చోట ఒక గీత గీయాలి. కాళ్లు తారుమారు చేసి నిలబెట్టి మళ్లీ గీత గీయాలి. ఆ రెండు గీతలకు సరిగ్గా మధ్య చోటే మట్టం. దారం అక్కడ నిలిచేలా ఒక కాలి తర్వాత ఇంకో కాలు తిప్పుకుంటూ పొలం ఆ చివర దాకా వెళ్లాలి, ప్రతి అడుగుకూ మేకు కొట్టాలి. ఖర్చు దారం ఉండ. కందకాలకూ, పల్లపు మూల చిన్న ఫారం పాండ్‌కూ (వాన నీటి గుంటకూ) జేసీబీ బాడుగ మాత్రం మీరే పెట్టుకోవాల్సి రావచ్చు. ముందు రైతు సేవా కేంద్రంలో పథకాలు అడిగి చూడండి.

డబ్బు పంపకం ఇలా చేయండి. అప్పుకు 60,000 పోగా, ఆరు నెలల ఇంటి ఖర్చు 1,70,000 విడిగా, ముట్టుకోకుండా. పొలానికి మూడేళ్లలో కలిపి 70,000, అంతకు మించొద్దు. అందులో మొదటి ఏడాది 30,000. మిగిలిన 2 లక్షలు పాప చదువుకు, కొంత సుకన్య సమృద్ధిలో, కొంత ఎఫ్‌డీలోనే. అమ్మానాన్నలకు రేషన్ కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో వెంటనే చూసుకోండి. ఆసుపత్రి బిల్లు బోరు కన్నా లోతు.

నవంబరులో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణ జీకేవీకేలో కృషి మేళా జరుగుతుంది. నాన్నను కదిరిలో బస్సు ఎక్కించి రప్పించండి. కలుపు తీసే సైకిల్ గుంటక లాంటి చిన్న పనిముట్లు ఆయన చేతికిచ్చి తోయించి చూడండి. యూట్యూబ్‌లో మీరు చూసి ఫోన్‌లో చెబితే ఆయన వినరు, ఏ తండ్రీ వినడు.

బోరు బండి వాళ్లకు రేపే ఫోన్ చేయండి. అడ్వాన్స్ తిరిగిస్తే తీసుకోండి. ‘ఇవ్వం’ అంటే ఆ 5,000 వదిలేయండి గానీ, అది పోతుందని మాత్రం బోరు వేయించకండి.