శ్రీకాకుళం నుంచి వెళ్లి సాయంత్రపు పడవలో డాల్ఫిన్లను చూడాలంటే

డిసెంబరు సెలవుల్లో అమ్మగారిని, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని సూర్యాస్తమయ వేళ పడవ మీద డాల్ఫిన్లను చూడాలని ఉందని, అది కళింగపట్నంలోనో భావనపాడులోనో కుదురుతుందా, లేక ఇంకెక్కడికైనా వెళ్లాలా అని మీరు అడిగారు. నేను కళింగపట్నం దగ్గర పుట్టి పెరిగినవాడిని. ఇదే కోరికతో ఒడిశాలోని చిలికా సరస్సు ఒడ్డున ఉన్న సాతపడకు కుటుంబంతో రెండుసార్లు వెళ్లి వచ్చాను కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందుగా మన తీరం సంగతి చెబుతాను. మన సముద్రంలో డాల్ఫిన్లు లేవని కాదు. వేటకు వెళ్లే రోజుల్లో మా పెదనాన్నగారు వంశధార సముద్రంలో కలిసే మొగకు ఎదురుగా గుంపుగా దూకుతూ పోయే వాటిని తెల్లవారుజామున చూశానని మాతో చెప్పేవారు. అయితే వాటిని చూపించడానికి మనుషులను ఎక్కించుకునే బోటు బారువ నుంచి కోనాడ దాకా నేను తిరిగిన ఏ ఊళ్లోనూ నాకు కనిపించలేదు. వేట బోటు చేపల కోసం కట్టినది. అందులో పిల్లలు పట్టుకుని కూర్చోవడానికి ఆధారం ఉండదు, ఒడ్డున విరిగే కెరటాలను దాటించడం అలవాటైన వారికే ప్రాణం మీది పని. డబ్బిస్తామంటే ఎవరో ఒకరు ఒప్పుకోవచ్చు గాని, దయచేసి మీరు అడగవద్దు. పైగా మనది తూర్పు తీరం కాబట్టి సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడే గాని సముద్రంలోకి దిగడు. సాయంత్రం నీటి మీద ఉన్నా అస్తమయం మాత్రం కొబ్బరి తోటల వెనుక, నేల వైపే జరుగుతుంది.

సాతపడలో ఈ చిక్కు లేదు. ఆ ఊరు సరస్సుకు తూర్పు అంచున, సముద్రానికి దగ్గరగా ఉంటుంది కనుక పడమటి వైపు కనుచూపు మేర నీరే కనిపిస్తుంది, సూర్యుడు ఆ నీటి మీదుగానే దిగుతాడు. సరస్సు నీటికి సముద్రపు కెరటాలు ఉండవు గనుక పెద్దవాళ్లకు కడుపులో తిప్పదు. అక్కడ కనిపించేది ఐరావతి డాల్ఫిన్. దానికి ముక్కు పొడుచుకుని రాదు, తల గుండ్రంగా ఉంటుంది, వీపు మీది రెక్క చాలా చిన్నది. ఇది గాలిలోకి ఎగిరి దూకడం అరుదు. ఊపిరి కోసం తల, ఆ తరువాత వీపు పైకి తేల్చి మెల్లగా మునిగిపోతుంది. టీవీలో చూసినట్లు దూకుతాయని పిల్లలకు చెప్పి తీసుకువెళితే వాళ్లు నిరాశ పడతారు కనుక ఈ సంగతి ఇంటి దగ్గరే చెప్పండి. ఇంకొకటి కూడా చెప్పండి. పేరు బర్మాలోని ఐరావతి నదిది అయినా, శాస్త్రలోకం ఈ జాతిని గుర్తించింది మన విశాఖపట్నం రేవులో 1852లో దొరికిన డాల్ఫిన్ ఆధారంగానే. దానిని పరిశీలించి 1866లో రిచర్డ్ ఓవెన్ ఈ జాతికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఆ మాట విన్నాక మా అమ్మాయి దానిని మన చుట్టంలా చూడడం మొదలుపెట్టింది.

మేము మొదటిసారి 2019 డిసెంబరులో వెళ్లాము. సముద్రపు మొగ వైపు వెళ్లే కాలువలో ఒకచోట డాల్ఫిన్ వీపు కనిపించగానే, చుట్టుపక్కల ఉన్న ఆరేడు బోట్లు ఇంజిన్ల మోతతో అటే దూసుకుపోయాయి. మేమూ "అటు పోనివ్వండి, ఇటు తిప్పండి" అని బోటు నడిపే ఆయనను తొందరపెట్టాము. మేము చేరేసరికి అక్కడ సుడులు తిరిగే నీరు తప్ప ఏమీ లేదు. రెండు గంటల్లో మాకు దొరికినవి మూడు నాలుగు క్షణాల చూపులు, ఒళ్లంతా డీజిల్ వాసన. డాల్ఫిన్లు నీటి అడుగున శబ్దంతోనే దారినీ చేపలనూ కనిపెడతాయని, ఇంజిన్ మోత వాటికి కళ్లకు గంతలు కట్టినట్లని, పంకా రెక్కలు తగిలి గాయపడినవీ ఉన్నాయని ఇంటికి వచ్చాక చదివి చాలా బాధపడ్డాను. చిలికా అంతటా కలిపి వాటి సంఖ్య రెండు వందల లోపే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వీటిని మొదటి షెడ్యూలులో, అంటే పులితో సమానంగా ఉంచింది.

రెండోసారి 2023 జనవరిలో వెళ్లినప్పుడు, ఎక్కకముందే ఒక మాట అనుకున్నాము. మా బావగారిది ఇచ్ఛాపురం, ఆయనకు ఒడియా బాగా వచ్చు. బోటు నడిపే పెద్దాయనతో ఆయన, "డాల్ఫిన్ కనిపించినా కనిపించకపోయినా కిరాయి పూర్తిగా ఇస్తాము, మీరు మాత్రం వెంటాడవద్దు, దూరంగా ఇంజిన్ ఆపి ఉంచండి" అని స్పష్టంగా చెప్పారు. ఇదే నేను మీకు అన్నిటికంటే ముఖ్యంగా చెప్పదలచుకున్నది. కనిపించకపోతే జనం గొడవ పడతారనే భయంతోనే వాళ్లు వెంటాడుతారు గాని, ఆ నీటి మీదే బతికేవారికి డాల్ఫిన్ల మీద కోపమేమీ ఉండదు. ఆ పెద్దాయన ముఖంలో ఆ మాటకు వచ్చిన నెమ్మది నాకు ఇప్పటికీ గుర్తుంది. పాతిన వలల కర్రలకు కొంత దూరంలో బోటు ఆపి, పోటు నీరు ఎక్కుతోందని, చేపలు లోపలికి వస్తాయని, వాటి వెనుకే అవీ వస్తాయని చెప్పి ఆయన మౌనంగా కూర్చున్నారు.

ఇరవై నిమిషాలు ఏమీ జరగలేదు. తరువాత మాకు ముందు వినిపించింది శబ్దం. ఎవరో దగ్గరలోనే గట్టిగా ఊపిరి వదిలినట్లు "ఫూ" మని వినిపించి, తిరిగి చూస్తే బోటుకు పది పన్నెండు బారల దూరంలో బూడిద రంగు వీపు ఒకటి, దాని పక్కనే చిన్నది ఇంకొకటి తేలి మునిగాయి. అవి భయపడలేదు గనుక పారిపోలేదు. ఎండ పసుపు రంగుకు తిరిగేదాకా ఆ చుట్టుపక్కలే మేసుకుంటూ తిరిగాయి. ఇంజిన్ మోగుతూ ఉంటే ఆ ఊపిరి శబ్దం మాకు వినిపించేది కాదు.

ఈ చిలికా ఇలా మిగలడం వెనుక పెద్ద ప్రయత్నమే ఉంది. మొగ పూడుకుపోయి ఉప్పునీరు లోపలికి రాక చేపలు తగ్గిపోతే, 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వారు. ఆ తరువాతే సరస్సు కోలుకుంది.

ఇక ప్రయాణం. శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో రైలెక్కి పూరీ చేరి, రాత్రి అక్కడే బస చేయండి. పూరీ పెంటకోట వాడలో మన తెలుగు మత్స్యకారులే ఉంటారు, మాటకు ఇబ్బంది పడరు. పూరీ నుంచి సాతపడ సుమారు 50 కిలోమీటర్లు. డిసెంబరులో అక్కడ అయిదుంపావు ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు కనుక మూడింటికల్లా బోటులో ఉండాలి, చీకటి పడేలోగా ఒడ్డుకు చేరేలా ముందే మాట్లాడుకోవాలి. డాల్ఫిన్ల కోసం చూసేటప్పుడు సూర్యుడిని వీపు వైపు ఉంచుకుని కూర్చోండి. ఎండ కళ్లలో పడితే నీటి మెరుపులో వీపు కనిపించదు. తిరుగు ప్రయాణంలో మాత్రం పడమటి వైపు తిరిగి కూర్చోండి. దారిలో దిబ్బ మీద దింపి, ఆల్చిప్పలు పగలగొట్టి ముత్యాలని అమ్మజూపుతారు, అవి కొనవద్దు. లైఫ్ జాకెట్లు పిల్లల కొలతవి ఉన్నాయో లేదో కట్టి చూశాకే బోటు కదలనివ్వండి.

అమ్మగారికి మోకాళ్ల నొప్పులని రాశారు. బోటులోకి ఒక మెట్టు ఎత్తు దిగాలి, లోపల ఉండేది చెక్క బల్ల, మరుగుదొడ్డి ఉండదు. కూర్చోవడానికి ఒక దుప్పటి మడత, నీటి గాలికి ఒక శాలువా తీసుకువెళ్లండి. మా అత్తగారు డెబ్భై ఏళ్ల వయసులో ఆ రెండింటితోనే మూడు గంటలు హాయిగా కూర్చున్నారు.