ఫోన్‌లో బైబిలు వాక్యం పంచుకునేవాళ్లు ఏం చూసుకోవాలి?

"యూట్యూబ్‌లో, వాట్సాప్‌లో వాక్యం చెబుతున్నాను. కానుకలు పంపుతామని కొందరంటున్నారు. నా బాధ్యత ఎంతవరకు?" అని ఒకరు అడిగారు.

ముందు వాక్యం సంగతి. యిర్మీయా 29:11నే తీసుకోండి. మీ గురించి నా ఆలోచనలు మేలుకే గాని హానికి కావు అని దేవుడు చెప్పే మాట అది. కొత్త సంవత్సరం వస్తే చాలు, పూల బొమ్మ మీద ఆ వచనం ఊరంతా తిరుగుతుంది. అది బబులోను చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరంలోది. దానికి పై వచనంలోనే 70 ఏళ్ల గడువుంది. అంటే, ఆ మాట విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి రావడం చూడనే లేదు. అది దాచి "ఈ ఏడాదే మీకు ఉద్యోగం" అంటే జాతకం చెప్పినట్టే. బెరయ ఊరివాళ్లు అపొస్తలుడైన పౌలు మాటను కూడా లేఖనాల్లో వెతికి చూసుకున్నారు. అందుకే అధ్యాయం, వచనం తప్పక రాయండి. స్వస్థత సాక్ష్యమైతే ఆ మనిషి అనుమతి తీసుకోండి. మందులు మానేయమని మాత్రం ఎన్నడూ అనొద్దు.

ఇక డబ్బు. యెరూషలేము విశ్వాసుల కోసం పోగైన చందాను పౌలు ఒక్కడే చేతపట్టుకోలేదు. ఎవరూ తప్పుపట్టకూడదని తన తోటి పనివాడు తీతుతోపాటు సంఘాలు ఎన్నుకున్న సహోదరుణ్ణి పంపాడు (2 కొరింథీ 8). వీడియో కింద సొంత ఫోన్‌పే నంబరు పెట్టేవాళ్లు ఈ అధ్యాయం చదివితే బాగుండు! సంఘం పేరున ఖాతా తెరవండి, ఇద్దరి సంతకాలు పెట్టించండి, లెక్క అందరికీ చూపండి. విదేశీ పౌరులు పంపే విరాళం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద సంస్థకు నమోదో, ముందస్తు అనుమతో ఉండాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన తెలుగువాళ్లు ఇచ్చినా అంతే.