ఇల్లు ఇద్దరి పేరు మీద రాయిస్తే సరిపోతుందా?

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక ఫ్లాట్ ఉంచుకుని అమెరికా వచ్చిన మన తెలుగు జంటలు ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు వడ్డీ రేటు గురించి నెలల తరబడి ఆరా తీస్తారు. ఇల్లు ఎవరిదో చెప్పే పత్రం, అదే డీడ్ సంగతి అడిగితే "ఇద్దరి పేర్లూ పెడుతున్నాం కదన్నా" అనేస్తారు. పేర్ల తర్వాత ఏం రాశారో చూసుకోండి.

సర్వైవర్‌షిప్ హక్కుతో జాయింట్ టెనెన్సీ అని ఉంటే, ఒకరు పోయాక ఇల్లు ప్రొబేట్ (కోర్టులో వారసత్వం తేల్చే తతంగం) లేకుండా రెండో మనిషిదవుతుంది. విల్లులో ఇంకోలా రాసినా చెల్లదు. టెనెన్సీ ఇన్ కామన్ అయితే ఎవరి వాటా వారిది, వారి తర్వాత వారి వారసులది. టెక్సాస్, కాలిఫోర్నియాల్లో పెళ్లయ్యాక సంపాదనతో కొన్న ఇల్లు ఎవరి పేరున ఉన్నా మామూలుగా ఇద్దరిదీ అనే లెక్క. అయితే టెక్సాస్‌లో సర్వైవర్‌షిప్ కావాలంటే ఇద్దరూ సంతకం చేసిన ఒప్పందం ఉండాలి. హెచ్4 (డిపెండెంట్) వీసా మీద ఉన్న చెల్లెళ్లకు ఒక మాట: జీతం లేదని లోన్‌లో పేరు పెట్టకపోయినా డీడ్‌లో పెట్టించుకోవచ్చు. రెండూ వేర్వేరు కాగితాలు.

అసలు చిక్కు బెంగళూరు ఫ్లాట్‌తోనే. అక్కడ సేల్ డీడ్‌లో ఇద్దరి పేర్లున్నంత మాత్రాన ఒకరి వాటా రెండోవారికి దానంతటదే రాదు. భర్త విల్లు రాయకుండా పోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన సగం భార్యకు, పిల్లలకు, ఆయన తల్లికి సమానంగా వెళ్తుంది. ఇద్దరు పిల్లలుండి తల్లి కూడా ఉంటే ఆ సగం నాలుగు ముక్కలు. అత్తగారి వాటా అనగానే కొందరికి ముఖం మారుతుంది గానీ, పోయింది ఆవిడ కొడుకే, ఆ వాటా న్యాయమే అంటాను. పిల్లల వాటాతోనే ఎక్కువ టెన్షన్: వాళ్లు మైనర్లయితే ఆ వాటా అమ్మడానికి ముందుగా కోర్టు అనుమతి కావాలి. డాలస్‌లో ఉద్యోగం చేసుకుంటూ బెంగళూరు కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారు? ఖాతాలో (ఆస్తి పన్ను రికార్డులో) పేరుంది, ఫ్లాట్ల అసోసియేషన్‌లో నామినీని అంటే కుదరదు. నామినీ అయినంత మాత్రాన ఓనరైపోరు.

అందుకే ఇద్దరూ చెరో విల్లు, ఇద్దరేసి సాక్షులతో, ఆ ఫ్లాట్ కోసం విడిగా రాయండి. తర్వాత ఇక్కడ లాయర్ దగ్గర ఇంకో విల్లు రాయించేటప్పుడు, "ఇంతకుముందు రాసిన విల్లులన్నీ రద్దు" అనే వాక్యం అందులో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. బెంగళూరు విల్లును అందులోంచి మినహాయించమని మీరే అడగాలి.