ఈ సంచికలో ఏముంది? విషయసూచిక పేజీపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పత్రికల తయారీ గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఈసారి ఎక్కువ భాగం విషయసూచిక చుట్టూనే తిరిగాయి. రాసినవారిలో సంపాదకులు ఉన్నారు, డీటీపీ చేసేవారు ఉన్నారు, సావనీరు బాధ్యతను తొలిసారి నెత్తికెత్తుకున్నవారు ఉన్నారు. వాటిలో ఐదు ఉత్తరాలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మేము 64 పేజీల సాహిత్య త్రైమాసిక పత్రిక నడుపుతున్నాము. సంపాదకీయం కింద మిగిలిన సగం పేజీలో శీర్షిక, రచయిత పేరు, పేజీ సంఖ్య వేసి విషయసూచిక అయిందనిపిస్తున్నాము. "మీ సూచిక చూస్తే ఏది కథో, ఏది కవితో తెలియడం లేదు" అని ఒక చందాదారు రాశారు. పూర్తి పేజీ ఇవ్వాలంటే ఏదో ఒక రచనను ఆపవలసి వస్తుందేమోనని సంకోచిస్తున్నాము. ఆ పేజీకి అంత విలువ ఉందా?
— ఒక సంపాదకుడు, విజయనగరం

జవాబు: ఉందని నేను గట్టిగా నమ్ముతాను. కథను కథాభిమానులు చదువుతారు, సమీక్షను పుస్తకాలు కొనే అలవాటున్నవారు చదువుతారు, సంపాదకీయాన్ని దాటిపోయేవారు చాలామందే ఉంటారు. కానీ పత్రికను చేతిలోకి తీసుకున్న ప్రతి ఒక్కరి చూపూ ముఖచిత్రం తరువాత ఒక్కసారైనా ఆగేది విషయసూచిక దగ్గరే. తపాలాలో వచ్చిన సంచికను ఇప్పుడే చదవాలా, ఆదివారం కోసం దాచుకోవాలా అని చందాదారు తేల్చుకునేది అక్కడే. దుకాణంలో నిలబడి తిరగేస్తున్న మనిషి డబ్బు తీయాలా వద్దా అని ఆలోచించేదీ అక్కడే. మూడు నెలలు శ్రమపడి సేకరించిన రచనలను ఆ ఒక్క పేజీలో సరుకుల చిట్టాలా వదిలేస్తే ఆ రచయితలకు మనమే అన్యాయం చేసినవాళ్లమవుతాము. పైగా మీకు అదనంగా కావలసింది సగం పేజీయే. సంపాదకీయాన్ని కాస్త కుదించి ఎదుటి పేజీలో సర్దుకుంటే ఏ రచననూ ఆపనవసరం ఉండదు.

మీ చందాదారు చెప్పిన ఇబ్బంది తెలుగు పత్రికల్లో మరీ ఎక్కువ, ఎందుకంటే మన రచయితలకు శీర్షికను కవితాత్మకంగా పెట్టడం ఇష్టం. "నీటి గుర్తులు" అనే శీర్షికను ఊహించుకోండి. అది కవిత కావచ్చు, కథ కావచ్చు, నదీజలాల పంపకంపై వ్యాసం కూడా కావచ్చు. దాని పక్కన చిన్న అక్షరాల్లో "వ్యాసం" అని వేస్తే సగం చిక్కు తీరుతుంది. "2009 అక్టోబరు వరద కర్నూలు ఇళ్ల గోడల మీద వదిలిన గీతల గురించి" అని ఒక్క వాక్యం చేరిస్తే, కర్నూలుతో ఏ బంధమూ లేని పాఠకుడు కూడా ఆ పేజీ తెరుస్తాడు. ఈ వాక్యాన్ని సంపాదకుడే రాయాలి. రచనలోని మొదటి వాక్యాన్ని కత్తిరించి అతికించడం కుదరదు, డీటీపీ చేసేవారికి వదిలేయడం అసలే కుదరదు. "ఆలోచింపజేసే వ్యాసం", "గుండెను తడిమే కథ" వంటి మాటలు ఏ రచనకైనా అతుకుతాయి కనుక ఏ రచన గురించీ ఏమీ చెప్పవు. ఎవరి గురించి, ఏ ఊరి గురించి, ఏ సందర్భం గురించి అన్నవాటిలో ఒక్కటి చెప్పినా చాలు. అన్నింటికీ ఇలాంటి వాక్యం రాయాలని కూడా నేను అనను. కవితకు అది అడ్డే అవుతుంది. సంచికకు నాలుగైదు ముఖ్యమైన రచనలను ఎంచుకుని వాటికి రాయండి. ఏవి ముఖ్యమైనవో ఎంచుకోవలసి రావడం సంపాదకుడికి మంచి కసరత్తు.

వరుస విషయానికి వస్తే, వారపత్రికకు పేజీల క్రమం సరిపోతుంది కానీ సాహిత్య పత్రికకు కథలు, కవితలు, వ్యాసాలు, సమీక్షలు అని విడదీసి, ఒక్కొక్క విభాగంలో పేజీల క్రమం పాటించడమే మేలు. కథల కోసమే పత్రిక తెరిచే పాఠకులు మీకు ఎక్కువ. ప్రతి సంచికలోనూ ఉండే లేఖలు, సాహిత్య వార్తలు వంటి శీర్షికలు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటే చాలు, వాటి చోటు పాఠకులకు అలవాటై ఉంటుంది. రచయితల పేర్లన్నీ ఒకే పరిమాణంలో వేయండి. పేరున్నవారికి పెద్ద అక్షరాలు, కొత్తవారికి చిన్న అక్షరాలు అనే పద్ధతి సాహిత్య పత్రికకు తగదు. అనువాద రచన అయితే మూల రచయిత పేరుతో పాటు అనువాదకుల పేరు కూడా తప్పకుండా ఉండాలి. ఈ పేరు విషయసూచికలో ఎంత తరచుగా జారిపోతుందో చూస్తే నాకు బాధ కలుగుతుంది.

లోపల ఏముందో ముందే చెప్పాలన్న పట్టుదల మనకు కొత్తది కాదు. మహాభారతం ఆదిపర్వంలోని పర్వసంగ్రహం నూరు ఉపపర్వాల పేర్లు చెప్పి ఊరుకోదు. ఏ పర్వంలో ఏ కథలు వస్తాయో, ఎన్ని అధ్యాయాలు, ఎన్ని శ్లోకాలు ఉన్నాయో కూడా చెబుతుంది. దీనికి పూర్తిగా భిన్నంగా, 1925లో మొదలైన అమెరికా వారపత్రిక న్యూయార్కర్ 1969 వరకు విషయసూచిక లేకుండానే వెలువడింది. 1922లో మొదలైన రీడర్స్ డైజెస్ట్ దశాబ్దాల తరబడి విషయసూచికను ముఖపత్రం మీదనే అచ్చు వేసింది. న్యూయార్కర్ దారి చిన్న పత్రికలకు పనికిరాదు కానీ, రీడర్స్ డైజెస్ట్ దారి ఆలోచించదగినదే. ముఖచిత్రం గీయించే స్తోమత లేని సంచికకు మీరు దాన్ని ఒకసారి ప్రయత్నించి చూడవచ్చు.

ప్రశ్న: పది పన్నెండు పత్రికలకు పేజీలు కట్టి ఇస్తుంటాను. విషయసూచికలో పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను తాకుతున్నాయి. శీర్షికకూ పేజీ సంఖ్యకూ మధ్య చుక్కల గీత పెట్టినా పాఠకులు పక్క వరుస సంఖ్య చూసి పొరబడుతున్నారట. ముఖ్యమైన శీర్షికలను వేరు చేసి చూపడానికి బోల్డ్ పెడితే అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఏమి చేయాలి?
— డీటీపీ నిర్వాహకుడు, గుంటూరు

జవాబు: మీరు చెప్పిన మూడింటికీ మూలం ఒకటే: ఇంగ్లీషు లిపికి కుదిరిన కొలతలను తెలుగుకు యథాతథంగా వాడడం. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ అయినా ఇన్‌డిజైన్ అయినా, మనం మార్చకపోతే వరుసల దూరాన్ని అక్షర పరిమాణానికి 120 శాతంగా తీసుకుంటుంది. అంటే 10 పాయింట్ల అక్షరానికి 12 పాయింట్లు. పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద మరో ఒత్తు ఉండే మన లిపికి అది చాలదు. 12 పాయింట్ల శీర్షికకు 17 లేదా 18 పాయింట్ల దూరం ఇచ్చి చూడండి. ఫాంటును బట్టి ఇది మారుతుంది కనుక, పై వరుసలో "స్వాతంత్ర్యం", "లక్ష్మి", కింది వరుసలో "కీర్తి", "ఢిల్లీ" టైపు చేసి, వాటి మధ్య తెల్లదనం కనిపించేంతవరకు పెంచుకుంటూ పోవడమే నమ్మకమైన పరీక్ష. రెండు వరుసల్లోకి విరిగే పొడవైన శీర్షిక ఉంటే, ఆ రెండు వరుసల మధ్య దూరం కంటే ఒక రచనకూ తరువాతి రచనకూ మధ్య దూరం స్పష్టంగా ఎక్కువ ఉండాలి, లేకపోతే ఒకే శీర్షిక రెండు రచనలుగా కనబడుతుంది.

చుక్కల గీతను నేనైతే తీసేస్తాను. పేజీ సంఖ్యను శీర్షికకు ఎడమ పక్కకు తెచ్చి, 8 కింద 46లోని 6 వచ్చేలా కుడి అంచుకు సర్దితే, కన్ను సంఖ్య నుంచి శీర్షికకు నేరుగా వెళుతుంది, దారి తప్పే అవకాశమే ఉండదు. కుడి పక్కనే ఉండాలని సంపాదకులు పట్టుబడితే కాలమ్ వెడల్పు తగ్గించండి. తెలుగు అంకెలు వాడాలన్న కోరిక కొందరు సంపాదకులకు ఉంటుంది. ఆ అందం నాకూ ఇష్టమే కానీ, లోపలి పేజీల అడుగున ఉన్న అంకెలూ అవే అయితే తప్ప సూచికలో వాటిని వాడవద్దు.

ఇక ప్రాధాన్యం చూపడం. ఇంగ్లీషులో పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలు ఉన్నాయి, ఇటాలిక్ ఉంది. మన లిపికి పెద్ద అక్షరాలు లేవు, వాలు అక్షరాల సంప్రదాయమూ లేదు, కంప్యూటర్ బలవంతంగా వాల్చిన తెలుగు అక్షరం కంటికి అలసట కలిగిస్తుంది. అందుచేత మనకు మిగిలిన సాధనాలు పరిమాణం, మందం, రంగు, ఖాళీ చోటు. వీటిలో మందాన్ని అన్నింటికంటే ముందు వాడతాము, అదే అన్నింటికంటే ప్రమాదకరం: చిన్న పరిమాణంలో బోల్డ్ పెట్టగానే ప, ష, ఫ, ఘ ఒకే ముద్దగా మారిపోతాయి. బోల్డ్‌ను 16 పాయింట్లు దాటిన శీర్షికలకే ఉంచుకుని, చిన్న అక్షరాలకు రంగునో ఖాళీనో వాడండి. యూనికోడ్ ఫాంట్లలో చిన్న వాక్యాలకు మండలి, పెద్ద శీర్షికలకు రామభద్ర వంటివి చక్కగా కలుస్తాయి. ఒక పేజీకి రెండు ఫాంట్లు మించనవసరం లేదు. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగు వాడేటప్పుడు పేరాగ్రాఫ్ అమరికల్లో వరల్డ్ రెడీ కంపోజర్‌ను ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయన్నది మీకు తెలిసే ఉంటుంది. ఫొటో మీద తెల్ల అక్షరాలు వేయమని ఎవరైనా అడిగితే, న్యూస్‌ప్రింట్ మీద మాత్రం ఒప్పుకోకండి; సిరా పాకి మొదట మూసుకుపోయేవి ఒత్తులే.

ప్రశ్న: మా తెలుగు సంఘం ఉగాది సావనీరులో తెలుగు, ఇంగ్లీషు రచనలు కలిసి ఉంటాయి. పిల్లల రచనలు, బొమ్మలే ముప్పైకి పైగా వస్తాయి. ప్రముఖుల సందేశాలన్నింటినీ సూచికలో వేయాలని సభ్యులు అంటున్నారు. పేజీ నిండా ఫొటోలు పెడితే బాగుంటుందని మరికొందరి సలహా.
— సావనీరు సంపాదకురాలు, టెక్సాస్

జవాబు: సందేశాలకు ఒక్క వరుస చాలు: "సందేశాలు, 5 నుంచి 16 వరకు". సందేశం పంపినవారి గౌరవం వారి పేజీలో ఉంది. సూచికలో మొదటి పన్నెండు వరుసలూ వారికే ఇచ్చేస్తే రచనలు అడుగుకు జారిపోతాయి. పిల్లల విషయంలో మాత్రం నేను ఎదురు సలహా ఇస్తాను. పిల్లల విభాగాన్ని ఒకే అంశంగా చూపి, దాని కింద ప్రతి పిల్లవాడి పేరు, ప్రతి పిల్ల పేరు చిన్న అక్షరాల్లోనైనా వేయండి. తన పేరు అచ్చులో చూసుకున్న పిల్లలు వచ్చే ఏడాది మళ్లీ రాస్తారు, ఈసారి తెలుగులో రాసినా రాస్తారు. ఇంగ్లీషు రచనల శీర్షికలను తెలుగులోకి మార్చవద్దు. సూచికలో ఉన్న మాటే లోపలి పేజీలోనూ కనబడాలి. ఫొటోలు మూడు మించకుండా, వాటిలో ఒకటి మిగిలిన రెండింటి కంటే బాగా పెద్దదిగా ఉంచి, ప్రతి ఫొటో మీద దాని పేజీ సంఖ్య వేయండి. సంఖ్య లేని ఫొటో అక్కడ ఉత్త అలంకారమే.

ప్రశ్న: కళాశాల వార్షిక సంచికలో ప్రతి ఏడూ రెండు మూడు పేజీ సంఖ్యలు తప్పుతున్నాయి. ఎన్నిసార్లు ప్రూఫ్ చూసినా ఇదే పరిస్థితి. తప్పు ఎక్కడ జరుగుతోంది?
— తెలుగు అధ్యాపకురాలు, వరంగల్

జవాబు: ఈ ప్రశ్నకు నా అనుభవం చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక పత్రిక దీపావళి సంచికలో, చివరి నిమిషంలో వచ్చిన నాలుగు పేజీల ప్రకటనల వల్ల ఒక కథ 42వ పేజీ నుంచి 46వ పేజీకి జరిగింది. సూచిక మాత్రం మారలేదు. అది ఆ రచయిత తొలి కథ. ఆయన 42వ పేజీ తెరిచి, అక్కడ పచ్చళ్ల ప్రకటన చూసి, కథను తీసేశారనుకుని పత్రికను పక్కన పెట్టేశారట. వారం తరువాత ఎవరో చెబితే తెలుసుకున్నారు. ఆ సూచిక ప్రూఫ్ చూసింది నేనే. ఆయన ఉత్తరంలో ఒక్క నిష్ఠురం మాట కూడా లేదు. అందుకే అది నాకు ఈనాటికీ గుర్తుంది.

తప్పు ప్రూఫ్ చూడడంలో కాదు, చూసే సమయంలో జరుగుతుంది. మధ్యలో పిన్ కొట్టే సంచికకు పేజీలు నాలుగు గుణిజాల్లోనే ఉండాలి. అచ్చుకు వెళ్లేది ఎనిమిది లేదా పదహారు పేజీల ఫారాలుగా, అంటే ఒకే పెద్ద కాగితం మీద కలిసి అచ్చయ్యే పేజీలుగా. అందువల్ల చివర్లో ఒక్క పేజీ పెరిగినా, దాన్ని సర్దడానికి ఎక్కడో మరికొన్ని పేజీలు కదులుతాయి. మీరు సూచికను ముందే సరిచూసి పక్కన పెడుతున్నారు, పేజీలు ఆ తరువాత కదులుతున్నాయి. శీర్షికలకు ఒకే స్టైల్ వాడితే ఇన్‌డిజైన్ తనంతట తాను సూచిక తయారు చేస్తుంది కానీ, పేజీలు కదిలిన ప్రతిసారీ దాన్ని మళ్లీ తాజా చేయమని మనమే చెప్పాలి. ఏ పద్ధతి వాడినా, ప్రెస్‌కు పంపే ముందు మొత్తం సంచికను కాగితం మీద తీసి, మడిచి, ఒక విద్యార్థి సూచికలోని శీర్షికను, రచయిత పేరును, సంఖ్యను పైకి చదువుతుంటే మరో విద్యార్థి ఆ పేజీ తెరిచి మూడూ సరిపోయాయో లేదో చెప్పాలి. తరువాత మొదటి పేజీ నుంచి తిప్పుతూ, ప్రతి రచనా సూచికలో ఉందో లేదో ఎదురు దిశలో చూడాలి. సంఖ్య తప్పులు మొదటి విడతలో దొరుకుతాయి. అసలు సూచికకు ఎక్కకుండా పోయిన కవిత రెండో విడతలోనే దొరుకుతుంది. ఇద్దరు కూర్చుంటే గంటలో అయిపోయే పని ఇది.

ప్రశ్న: మా మాసపత్రికను పీడీఎఫ్‌గా కూడా పంపుతున్నాము. సూచికలో 21 అని ఉన్న రచన కోసం ఫోన్‌లో 21 నొక్కితే వేరే పేజీ వస్తోందని చదువరులు అంటున్నారు.
— ఒక మాసపత్రిక నిర్వాహకుడు, హైదరాబాద్

జవాబు: అచ్చు సంచికలో మీరు ముఖపత్రాన్నీ దాని లోపలి వైపునూ లెక్కలోకి తీసుకోవడం లేదు, పీడీఎఫ్ తీసుకుంటోంది, అందుకే రెండు పేజీల తేడా వస్తోంది. వచ్చే సంచిక నుంచి ముఖపత్రాన్నే 1వ పేజీగా లెక్కపెట్టండి, రెండు సంఖ్యలూ ఒకటైపోతాయి. దానితో పాటు సూచికలోని ప్రతి శీర్షికకూ లంకె పెట్టించండి, అడుగున "విషయసూచికకు" అనే తిరుగు లంకె ప్రతి రచన చివరా ఉంచండి. ఫోన్‌లో వేలితో నొక్కేవారి కోసం లంకె శీర్షిక మొత్తానికీ ఉండాలి, సంఖ్యకు మాత్రమే కాదు.